పది మార్కుల పవిత్ర యుద్ధం

చూడామణి గారి పేరు చెబితే నాకు ముందుగా వినబడేది ఆవిడ "ఛీ" అనడం. నందిగామలో ఒక కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మిగతా లెక్చరర్లు రాజుల పేర్లూ తారీకులూ చెప్పి బోర్డు తుడుచుకుని పోయేవారు. ఈవిడ మాత్రం ఫలానా రాజు ఫలానా పట్టణాన్ని తగలబెట్టాడని చెప్పి, కాస్త ఆగి, "ఛీ" అని, అప్పుడు తర్వాతి పేజీకి వెళ్ళేవారు. ఆ "ఛీ" కూడా నోట్సులో రాసుకున్న మహానుభావులు మా క్లాసులో ఉన్నారు.

నేను ఆవిడ శిష్యుణ్ణే. చదువు నాకు పెద్దగా అబ్బలేదు. జగ్గయ్యపేటలో బస్టాండుకు దగ్గర్లో జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకున్నాను. ఆవిడ సొంత ఊరూ జగ్గయ్యపేటే. రిటైరయ్యాక ఇంటి ముందు వసారాలో ఆదివారం పొద్దున్నపూట ఆడవాళ్ళకి పాఠాలు మొదలుపెట్టారు. ఇంటరు దగ్గరే పెళ్ళిళ్ళయి ఆగిపోయి, ఇప్పుడు దూరవిద్యలో బీఏ కట్టినవాళ్ళు వచ్చేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. నోట్సు ఆవిడ చేత్తో రాసిస్తే నేను టైపు చేసి కాపీలు తీసి ఇచ్చేవాణ్ణి. నా వంతు పుణ్యం అంతవరకే.

ఆవిడ నోట్సుకి ఒక పద్ధతి ఉంది. పోల్చి రాయమన్న ప్రశ్న ఏదైనా సరే, కాగితం మధ్యలో పైనుంచి కిందదాకా నిలువు గీత గీస్తారు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, ఇటు ఎన్ని పాయింట్లో అటూ అన్నే. అలా రాస్తే దిద్దేవాడికి కళ్ళకి హాయిగా ఉండి మార్కులు పడతాయని ఆవిడ నమ్మకం. నిజంగానే పడేవి.

నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం కాపీలు ఇవ్వడానికి వెళ్ళి నేనూ కాసేపు కూర్చున్నాను. ప్రశ్న ఇది: క్రైస్తవ, ఇస్లాం మతాలలో పవిత్ర యుద్ధ భావనను పోల్చి వ్రాయుము. పది మార్కులు. ఎడమవైపు క్రైస్తవం, కుడివైపు ఇస్లాం.

"మొదటి క్రైస్తవుల్లో చాలామంది కత్తి పట్టబోమని మొండికేసినవాళ్ళమ్మా," అని చెబుతున్నారావిడ. "రాజులు ఆ మతంలోకి వచ్చాక కథ మారింది. ఏ యుద్ధం న్యాయం, ఏది అన్యాయం అని పండితులు లెక్కలు కట్టారు. ఆ తర్వాత ఇంకో ఏడెనిమిది వందల ఏళ్ళకి పోపు గారు లేచి, జెరూసలేం మీదికి వెళ్ళండి, వెళ్ళినవాడి పాపాలు పోతాయన్నాడు. వెళ్ళారు. వీధుల్లో రక్తం పారించారు. నూరేళ్ళు పోయాక అదే పేరు చెప్పుకుని వెళ్ళి, దారిలో ఉన్న క్రైస్తవుల పట్టణాన్నే దోచుకున్నారు. ఛీ."

తర్వాత కుడివైపుకి వచ్చారు. "జిహాద్ అంటే అసలు మాటకి అర్థం గట్టి ప్రయత్నం. యుద్ధం అందులో ఒక రకం. మన చెడ్డ బుద్ధితో మనం చేసేదే పెద్ద యుద్ధమని చెప్పిన గురువులు వాళ్ళలో బోలెడుమంది. ఆడవాళ్ళని, పసిపిల్లల్ని, ముసలివాళ్ళని ముట్టుకోవద్దు, కాయలు కాసే చెట్టు నరకొద్దు అని తొలినాళ్ళలోనే కట్టడి ఉంది. సుల్తానులకి ఆ కట్టడి గుర్తుండదు, జిహాద్ అన్న మాట మాత్రం గుర్తుంటుంది. పక్క సుల్తానూ ముస్లిమే అయినా సరే, వాడి మీదికీ ఆ మాట చెప్పుకునే వెళ్ళారు. ఛీ. అయినా దేవుడికి సైన్యం ఎందుకమ్మా? అంత చేతకానివాడా?"

వసారాలో నవ్వులు. ముందు వరసలో పక్కపక్కనే కూర్చుని ఎక్కువగా నవ్వినవాళ్ళు సైదాబీ, బేబి.

వీళ్ళిద్దరూ ముక్త్యాల వైపు వెళ్ళే దారిలో ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేవారు. ఆ ఊరి పేరు రాయను, రాస్తే ఇంకో వీడియో వస్తుంది. సైదాబీ భర్త సిమెంటు లారీ నడిపేవాడు, కాలు విరిగి ఇంట్లో ఉంటున్నాడు. బేబి వాళ్ళది అదే ఊరి మాలపల్లి, ఆదివారం మధ్యాహ్నం చర్చికి పోయే కుటుంబం. ఆరేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర పని. ఒకరు బియ్యం కడిగితే ఒకరు పప్పు వేసేవారు. డిగ్రీ ఒకటి చేతిలో ఉంటే ఎప్పటికైనా ఈ పొగలోంచి బయటపడొచ్చని ఇద్దరూ కలిసే ఫీజు కట్టారు. వచ్చేటప్పుడు ఒకే ఆటోలో వచ్చి, పోయేటప్పుడు ఒకే ఆటోలో పోయేవారు.

ఆ రోజు చూడామణి గారు ఇంకో మాట అన్నారు. "ఎవరి మతం వాళ్ళకి తెలుసన్న భ్రమ ఒకటి ఉంటుంది మనకి. అందుకని అవతలివాళ్ళది ముందు చదవండి. సైదాబీ, నువ్వు ఎడమవైపు పట్టు. బేబీ, నువ్వు కుడివైపు. వచ్చే ఆదివారం ఒకళ్ళది ఒకళ్ళు అప్పజెప్పించుకోండి."

నాకు భలే ముచ్చటేసింది. ఇంత మంచి ఆలోచన ఎలా వచ్చిందండీ అని మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మన వైపు చదువంటే వల్లెవేయడమే. కళ్ళతో చదివితే చదివినట్టు కాదు, పైకి చదవాలి, పక్కింటికి వినబడాలి. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చిన సైదాబీ కూడా ఎక్కాలు అప్పజెప్పినట్టు రాగం తీస్తూ చదివేది. మంగళవారం మధ్యాహ్నం బేబి పక్కన అన్నం వారుస్తుంటే, తను పొయ్యి మీద పప్పు కలుపుతూ, కాగితం కిటికీ చువ్వకి గుచ్చి, నాలుగో పాయింటు వల్లెవేసింది: "దేవుని పేరిట యుద్ధమునకు బయలుదేరినవాని పాపములన్నియు క్షమించబడును. దారిలో మరణించినను వానికి స్వర్గమే." ఒకసారి కాదు, గుర్తుండేదాకా. కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలకి ఆ రాగం నచ్చి వాళ్ళూ అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే రాంబాబు వచ్చాడు. ఆ ఊళ్ళో ఎరువుల కొట్టు అతనిది. కూతురు అక్షయకి జలుబు చేసిందని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. వరసలో తన కూతురు "దారిలో మరణించినను" అని పాడుతోంది. లోపల చూస్తే ముస్లిం ఆవిడ. ఏం చదువుతున్నావమ్మా అని అడగడానికి నోరు రాలేదు, ఫోను మాత్రం బయటికి వచ్చింది. ఇరవై ఎనిమిది సెకన్లు తీశాడు. మన బడిలో మన పిల్లలకి ఏం నూరిపోస్తున్నారో చూడండి అని పైన ఒక వాక్యం తగిలించి వదిలాడు.

సాయంత్రానికి అది ముక్త్యాల నుంచి కంచికచర్ల దాకా అందరి ఫోన్లలో ఉంది. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అన్నట్టు, ఆ బడి ఎక్కడుందో తెలియనివాడు కూడా ఖబడ్దార్ అన్నాడు. నా షాపులో జిరాక్సుకి వచ్చిన పెద్దమనిషి నాకే చూపించి "చూశారా, జిహాద్ పాఠాలు" అన్నాడు. ఆ వాక్యం టైపు చేసింది నేనే. అది పోపు గారిదండీ అన్నాను. "మీకు తెలీదులెండి" అని చిల్లర తీసుకుని వెళ్ళాడు.

మర్నాడు సగం మంది పిల్లలు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ రత్తయ్య గారు. యాభై ఎకరాల మాగాణి, నాలుగు లారీలు ఉన్న మనిషి. మనవడు ఆ బళ్ళో చదువుతున్నాడని ఈ పదవి కూడా తగిలించుకున్నారు. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్న సామెత ఆయన్ని చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. శనివారం మీటింగు, అప్పటిదాకా సైదాబీ వంటింట్లోకి రాకూడదు అని కబురు పెట్టారు. హెడ్మాస్టరు గారు తనకి ట్రాన్స్‌ఫరు దగ్గర్లో ఉందని గుర్తు చేసుకుని ఊరుకున్నారు.

గురువారం ఇద్దరూ చూడామణి గారి దగ్గరికి వచ్చారు. ఆవిడ నన్నూ పిలిపించారు. సైదాబీ ఏడవడానికి కూడా భయపడుతోంది. "ఆయన కాలు బాగయ్యేదాకా ఇల్లు నా ఒక్కదాని మీదే నడుస్తందండి. ఈ పని పోతే ఇంకెక్కడా పెట్టుకోరు. ఆ వీడియో చూసినోళ్ళెవరూ పెట్టుకోరండి," అంది.

"నేనూ వస్తా మీటింగుకి," అంది బేబి. "సైదాబీ తప్పేం లేదని నేను చెప్తానండి. పక్కనే ఉన్నా కదా నేను."

చూడామణి గారు నా వైపు తిరిగారు. "ఒరేయ్ హరీ, ఆ కాగితం పెద్దక్షరాల్లో తియ్యి. అందరికీ కనబడాలి. ఆ వాక్యం ఎక్కడిదో చూపిస్తే చాలు, నోళ్ళు మూతపడతాయి." నేను హుషారుగా పెద్ద సైజులో తీశాను. నాలుగో పాయింటు కింద పసుపు రంగు కూడా వేశాను. సాక్ష్యం కదా, కొట్టొచ్చినట్టు ఉండాలని.

శనివారం బడి వరండాలో నలభై మంది దాకా ఉన్నారు. ఆవిడకి కుర్చీ వేశారు. పెద్దావిడ, పైగా రత్తయ్య గారి పెద్ద కొడుక్కి కాలేజీలో పాఠం చెప్పిన మనిషి. రత్తయ్య గారు మర్యాదగానే మొదలుపెట్టారు. "మేడం గారూ, మీరంటే మాకు గౌరవం. కానీ పసిపిల్లల దగ్గర ఈ చచ్చే మాటలు, స్వర్గం మాటలు ఏంటండి? మన మతంలో ఇలాంటియ్యి ఉన్నాయా?"

ఆవిడ నోరు తెరిచారు. నేను పక్కనే ఉన్నాను, ఏదో పదునైన మాటే వస్తుందనుకున్నాను. ఆవిడ ఒకసారి సైదాబీ వైపు చూసి, ఆ మాట మింగేసి, "ఇది పరీక్ష పాఠమండీ," అన్నారు. "ఆ అమ్మాయి బీఏ చదువుకుంటోంది. ఇదిగో ప్రశ్న, ఇదిగో జవాబు. మీరు జిహాద్ అంటున్న వాక్యం జిహాద్ గురించి కాదు. ఎడమవైపు నాలుగోది, చూడండి. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక పోపు చెప్పింది."

"సైదాబీ తప్పేం లేదండి," అని వెనకనుంచి బేబి అందుకుంది. "ఇద్దరం కలిసే చదువుకుంటన్నామండి. నేను పక్కనే ఉన్నా."

రత్తయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివారు. పసుపు రంగు మీద వేలు పెట్టారు. అక్కణ్ణుంచి వేలు మెల్లగా పైకి జరుపుకుంటూ వెళ్ళి, పైన రాసిన "క్రైస్తవం" అన్న మాట దగ్గర ఆపారు. తల ఎత్తి బేబిని చూశారు.

"అంటే ఇది కిరస్తానమోళ్ళదా?"

"ఎవరిదైతే ఏమిటండీ, చరిత్ర పాఠం," అన్నారు చూడామణి గారు.

"కాదండి, మీరే రాసారుగా. గీత కూడా గీసారు, ఇది వీళ్ళది, ఇది వాళ్ళది అని."

రాంబాబు ఒక్క ఊపున లేచాడు. నాలుగు రోజులుగా ముస్లింల మీద పడి ఏడ్చిన మనిషి, రెప్పపాటులో అటువైపు తిరిగాడు. "నేను మొదటినుంచీ చెప్తన్నానా లేదా? సాయిబులావిడ చేత కూడా చర్చి పాఠాలు చదివిస్తన్నారు. పాపం ఆ పిల్లకేం తెలుసు? పక్కన నిలబడి నేర్పింది ఎవరు? ఇప్పుడు తన నోటితోనే చెప్పింది, పక్కనే ఉన్నానని!"

చూడామణి గారు లేచి నిలబడ్డారు. నేర్పింది నేను, నేను, అని రెండుసార్లు అన్నారు. వినేవాడెవడు? ఆ వరండాలో చాలామందికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టయింది. బేబి చేతి వంట తినని పిల్లలు మొదటినుంచీ ఓ పదిమంది ఉండేవారు. ఎందుకు తినరో ఎవరూ పైకి అనేవారు కాదు, కేసులవుతాయని. ఆరేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డది ఇప్పుడు మతం పేరుతో బయటికి కక్కారు. ఆ మొహాల్లో కనిపించిన నిశ్చింత నేను ఇప్పటికీ మర్చిపోలేను.

రత్తయ్య గారు అందర్నీ చేత్తో ఆపి, ఎంతో న్యాయంగా, సైదాబీని ముందుకు పిలిచారు. "అమ్మా సైదాబీ, నీ మీద మాకేం కోపం లేదు. ఒక్క మాట చెప్పు చాలు. నువ్వు చదివింది మీదా, వాళ్ళదా?"

సైదాబీ బేబి వైపు చూసింది. బేబి ఆమెకి ధైర్యం చెబుతున్నట్టు తల ఊపింది, ఆ ప్రశ్న ఎటు పోతోందో తనకింకా తెలియదు.

"వాళ్ళదండి," అంది సైదాబీ. ఆ పైన ఎవరూ అడక్కపోయినా, "మాది కాదండి. బేబీ వాళ్ళదే," అంది.

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. చూడామణి గారు రాసిందీ అదే, నేను టైపు చేసిందీ అదే. సోమవారం సైదాబీ వంటింట్లోకి వెళ్ళింది. బేబి స్థానంలో రత్తయ్య గారి పొలంలో పనిచేసే ఆదెమ్మ వచ్చింది. డబ్బాలు తెచ్చుకునే పిల్లలు ఆ డబ్బాలు మానేశారట. హెడ్మాస్టరు గారు సమస్య సామరస్యంగా ముగిసిందని పైకి రాశారు.

మీటింగు నుంచి చూడామణి గారిని నా బండి వెనక కూర్చోబెట్టుకుని చిల్లకల్లు దాకా వచ్చాను. అక్కడ టీ కొట్టు దగ్గర ఆపాను. ఆవిడ గ్లాసు అందుకున్నారు.

"మన మతంలో ఇలాంటివి ఉన్నాయా అని అడిగాడు చూశావా," అన్నారు. "వీరస్వర్గం అన్న మాట ఎవరిదండీ రత్తయ్య గారూ అని అడుగుదామని నాలిక చివరిదాకా వచ్చింది. యుద్ధంలో చస్తే స్వర్గమని మనం పొత్తిళ్ళనుంచీ వింటున్నదేగా. అడిగితే ఆయనకి కోపం వస్తుంది, సైదాబీ పని పోతుంది. అందుకని మింగా. ముప్ఫై నాలుగేళ్ళు పోపుల్నీ సుల్తానుల్నీ ఛీ అన్నదాన్ని, ఊళ్ళో కమిటీ చైర్మన్ దగ్గర మింగా."

"పోనీలెండి మేడం, సైదాబీ పనైతే నిలబడింది," అన్నాను.

"నోరు ముయ్యిరా," అన్నారు. ఆవిడ నన్ను అలా అనడం అదే మొదటిసారి. టీ ఒలకబోసి బండి ఎక్కారు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ రాలేదు. ఆ పై ఆదివారం కూడా. సైదాబీ నా షాపుకి ఒకసారి వచ్చి, పాత నోట్సు కాపీలు అడిగి తీసుకుంది. మేడం దగ్గరికి వెళ్ళమన్నాను. "మొహం చెల్లదండి," అని వెళ్ళిపోయింది. ఆమెని తిట్టుకుందామని ఎంత ప్రయత్నించినా నావల్ల కాలేదు. కాలు విరిగిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకున్న మనిషిని నలభై మంది ముందు నిలబెట్టి, నువ్వా అదా అని అడిగినవాడున్నాడే, వాణ్ణి తిట్టాలి. వాడికి నేను ఇప్పటికీ ఎదురైతే నమస్కారం పెడుతున్నాను. ఆయన లారీల బిల్లు పుస్తకాలు నా షాపులోనే అచ్చవుతాయి.

మిరప కోతల రోజుల్లో చూడామణి గారు బేబిని చూడాలన్నారు. తీసుకెళ్ళాను. బేబి ఇంటి ముందు పట్టా మీద ఎండుమిరపకాయల కుప్ప ఉంది. కూలికి తెచ్చుకున్న కాయలు, కూర్చుని తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి, చేతులు మంటగా ఉన్నాయని మోచేతుల్తో కుర్చీ జరిపింది. లోపల గూట్లో బీఏ పుస్తకాలు వరసగా సర్ది ఉన్నాయి. పరీక్ష ఫీజు కట్టలేదంది.

"నేను కడతాను," అన్నారు చూడామణి గారు.

"వద్దండి. డబ్బులకి కాదండి. సైదాబీ, నేనూ ఒక్క హాల్లోనే కదా కూర్చునేది."

ఆవిడ తల దించుకున్నారు. "నిన్ను కాపాడలేకపోయానమ్మా," అన్నారు.

"మీరు నా కోసం రాలేదు కదండి మేడం ఆ రోజు. సైదాబీ కోసం వచ్చారు. నేనూ దాని కోసమే వచ్చా. దాని పని దానికి ఉంది." బేబి గొంతులో ఎగతాళి లేదు, కోపం కూడా పెద్దగా లేదు. అలిసిపోయి ఉంది. మళ్ళీ కుప్ప ముందు కూర్చుని రెండు కాయలు ఒలిచి ఆగింది. "ఒకటి అడుగుతానండి, ఏమీ అనుకోరు కదా?"

"అడుగమ్మా."

"ఆ కాయితంలో సైదాబీ వాళ్ళది ఉంది, మాది ఉంది. ఎవరెవరు ఎంతమందిని చంపారో అన్నీ ఉన్నాయి. మరి రత్తయ్య గారోళ్ళది ఎక్కడ రాసారండి?"

శిష్యులు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా చూడామణి గారు ఏ రోజూ క్లాసు వదలలేదు. ఆ ఎండలో, ఆ ఘాటులో, ఆవిడ కుప్పలోంచి ఒక కాయ తీసి తొడిమ ఒలిచారు.

"అది సిలబస్‌లో లేదమ్మా," అన్నారు.

"ఉండదండి," అంది బేబి.